పసిబిడ్డ వెన్నుపై సూదిమొనంత రంధ్రం - ఉపేక్ష తగదు

పసిబిడ్డకు నూనె రాసి, కాళ్ళపై బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోయడం మన ఇళ్ళలో అనాదిగా వస్తున్న ఆచారం. ఆ సమయంలో తల వెనుక నుండి పిరుదుల వరకు వెన్ను వెంబడి ఒకసారి నిదానంగా పరిశీలించమని నేను తల్లులకూ, అమ్మమ్మలకూ చెబుతుంటాను. అందుకు బలమైన కారణమున్నది.

గర్భస్థ శిశువులో 3వ వారం నుండి 8వ వారం లోపల, చర్మంగా మారే పొర నుండి వెన్నుపాముగా మారే పొర విడివడాలి. ఎక్కడైనా అది పూర్తిగా విడివడకపోతే సన్నని గొట్టం వంటి మార్గం మిగిలిపోతుంది. ఇది ఎక్కువగా నడుము దిగువన, కొందరిలో తల వెనుక కనబడుతుంది. పైకి చిన్న రంధ్రమే. లోపల వెన్నుపాము వరకు చేరి ఉండవచ్చు. ఆ దారిన సూక్ష్మజీవులు ప్రవేశిస్తే మెనింజైటిస్ అనే మెదడు పొరల వాపు, వెన్నులో చీముగడ్డ కలుగుతాయి.

కొన్నేళ్ళ క్రితం మూడేళ్ళ బాలుని నా వద్దకు తెచ్చారు. నడుముపై రంధ్రం, చుట్టూ వెంట్రుకల కుచ్చు. చెమ్మ ఊరినప్పుడల్లా పసుపు, వేపనూనె పెట్టేవారట. వారం రోజులుగా జ్వరం. పరుగులు తీసే బిడ్డ నిలబడనని ఏడుస్తున్నాడు. ఔషధం ఇవ్వక, ఆనాడే నాడీశస్త్రవైద్యుని వద్దకు పంపాను. ఎం.ఆర్.ఐ.లో వెన్నులో చీము కనిపించింది. శస్త్రచికిత్స అనంతరం బాలుడు నడిచాడు గాని, మూత్రంపై పట్టు పూర్తిగా రాలేదు.

సుశ్రుతుడు నిదానస్థానంలో నాడీవ్రణాన్ని వివరించాడు. ఏషణితో దాని దారి వెదకడం, క్షారసూత్రం కట్టడం శల్యతంత్రంలోని పద్ధతులే. అయితే పుట్టుకతో వెన్నును చేరిన ఈ మార్గానికి అవి వర్తించవు. ఇందులో పుల్ల, దూది, నూనె, లేపనం ఏదీ చొప్పించరాదు.

గమనించవలసిన గుర్తులు:

* పిరుదుల చీలికకు పైభాగాన వెన్ను మధ్యగా రంధ్రం
* దాని వద్ద వెంట్రుకల కుచ్చు, ఎర్రమచ్చ లేదా మెత్తని గడ్డ
* రంధ్రం నుండి చెమ్మ, చీము
* నడకలో మార్పు, కాళ్ళ బలహీనత, మూత్రవిసర్జనలో తేడా
* మెనింజైటిస్ మళ్ళీ మళ్ళీ రావడం

మలద్వారానికి 2.5 సెంటీమీటర్ల లోపల, అడుగు కనబడే చిన్న గుంట మాత్రమే ఉండి మరే గుర్తూ లేకుంటే సాధారణంగా హాని లేదు. పుట్టుకతో నడుముపై కనబడే నీలిమచ్చలకూ భయపడనవసరం లేదు.

అనుమానం కలిగితే పిల్లల వైద్యునికి చూపించండి. మొదటి మూడు నాలుగు నెలల్లో అల్ట్రాసౌండ్ తోడ్పడుతుంది. పూర్తి నిర్ధారణకు ఎం.ఆర్.ఐ. అవసరం. చీము చేరకముందే ఆ మార్గాన్ని శస్త్రచికిత్సతో తొలగించడమే దీనికి చికిత్స. జ్వరంతో పాటు వెన్ను నొప్పి గాని, కాళ్ళ బలహీనత గాని కనిపిస్తే, తెల్లవారే వరకు ఆగక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.