పాత స్టాండుకు తగిన పెన్ను



సిద్దిపేటలోను, చుట్టుపట్ల గ్రామాలలోను కొందరు ఉపాధ్యాయుల ఇండ్లలో పదవీ విరమణనాడు బహూకరించిన పాలరాతి పెన్ను స్టాండులు నేటికీ ఉన్నవి. రాయి చెక్కుచెదరలేదు గాని పెన్ను ఎప్పుడో పోయినది. "నాయనగారి జ్ఞాపకమే, కాని దేనికీ పనికిరాదు" అని పాత సామాన్లవానికి వేయదలచిన కుమారులను మేమెరుగుదుము. వేయకముందు ఈ నాలుగు సంగతులు ఆలోచించండి.

స్టాండుపై గరాటువలె ఉండే గొట్టమే ఆ పెన్నుకు మూత. బల్లపెన్నుకు వేరే మూత ఉండదు. ముందుభాగం లావుగా, వెనుకభాగం తోకవలె సన్నగా పొడవుగా ఉండును. గొట్టంలో దించగానే పెన్ను భుజం అంచుకు బిగుతుగా ఆనుకొని, పాళీకి గాలి తగలనియ్యదు. అందుచేత సిరా ఎండదు. జేబుపెన్ను పెట్టినచో అది అంచు దగ్గరే ఆగిపోవచ్చును, లేదా అడుగుకు జారి పాళీ వంగవచ్చును.

అమెరికాలో షేఫర్, పార్కర్, ఎస్టర్‌బ్రూక్ కంపెనీలు ఇట్టి స్టాండులు చేసినవి. ఒకరి పెన్ను మరొకరి గొట్టంలో సరిగా కుదురుననే నమ్మకం లేదు. కనుక స్టాండు అడుగున, గొట్టం అంచున పేరున్నదేమో ముందుగా చూడండి.

పేరు లేనియెడల కొలత తీయండి. దళసరి కాగితాన్ని గరాటుగా చుట్టి గొట్టంలో దించి, అంచు దగ్గర గీత పెట్టి, అక్కడి వెడల్పు కొలవండి. చీపురుపుల్లతో లోతు చూడండి. భుజం నుండి పాళీ కొన వరకు ఉన్న పొడవు ఆ లోతుకంటె తక్కువగా ఉండవలెను.

పాత పెన్ను దొరకనిచో రాజమహేంద్రవరమున్నది. కె.వి. రత్నంగారు 1932లో అక్కడ స్వదేశీ పెన్నుల తయారీ ప్రారంభించిరి. ఆయన పెన్నును గాంధీగారికి చేర్చినవారు జె.సి. కుమారప్పగారు, క్రైస్తవ కుటుంబంలో జన్మించి గ్రామ పరిశ్రమలకు జీవితం ధారపోసినవారు. పెన్ను బాగున్నదని గాంధీగారు 1935 జూలై 16న రత్నంగారికి ఉత్తరం వ్రాసిరి. అక్కడి పెన్నులకు వాడే ఎబొనైటు, గంధకం కలిపి వేడిచేసి గట్టిపరచిన రబ్బరు. దానిని లేత్‌పై చేతితో తీర్చుదురు గనుక మన కొలతకు చేయగలరేమో అడుగవచ్చును. స్టాండును వెంట తీసికొనిపోవుట మేలు. అంత ఖర్చు పెట్టలేనివారు తోకగల బాల్‌పెన్ను వెదకవచ్చును. దాని చిక్కని ఇంకు అంత త్వరగా ఎండదు.

పెన్ను వచ్చిన తరువాత సిరా నింపి రాత్రంతా స్టాండులో ఉంచండి. ఉదయం మొదటి గీతకే వ్రాసినచో గొట్టం సరిగా మూసుకొనుచున్నది. బొమ్మలు గీయు ఇండియన్ ఇంకు మాత్రం పోయవద్దు. అది పాళీలో గడ్డకట్టును. కడుగుటకు చల్లని మంచినీళ్లు చాలును. వేడినీళ్లకు ఎబొనైటు రంగు మారును.

ఇక స్టాండును అద్దాల బీరువాలో పెట్టవద్దు. పిల్లలు చదువుకొను బల్లమీద ఉంచి, తాతగారి సంగతి చెప్పి, వారిచేత వ్రాయించండి. రోజూ వ్రాయు పెన్నులో సిరా ఎండదు.