గట్టిగా పట్టుకుంటేనే తెలుస్తుంది

జాతరల్లో కర్రసాము చూసి చప్పట్లు కొట్టని వాళ్లుండరు. అయితే చూసి మెచ్చుకునే విద్య వేరు, మనమీదికి వచ్చినప్పుడు అక్కరకొచ్చే విద్య వేరు. ఆడపిల్లలకు కరాటే నేర్పిస్తున్న తల్లులు ఈ తేడా గమనించాలి.

మా తరిగొప్పుల నుంచి జనగామకు చదువుకోవడానికి వెళ్లే పిల్లలు బస్సు దిగేసరికి ఒక్కోసారి చీకటి పడుతుంది. మా అమ్మాయికీ అంతే. "ఆడపిల్లకు ఇంత తిప్పలెందుకు, చదువు మాన్పియ్యరాదు?" అన్న చుట్టాలున్నారు. స్కూల్లో మూడు నెలలు కరాటే నేర్చింది కదా అని నా ధైర్యం. ఒకరోజు దాని మణికట్టు గట్టిగా పట్టుకుని విడిపించుకోమన్నాను. ఎంత పెనుగులాడినా రాలేదు. "మాకు గింత గట్టిగ ఎవ్వరు పట్టుకోలేదమ్మా!" అంది.

అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది. జపాన్‌లో జిగొరో కానో 1882లో జూడో మొదలుపెట్టి, ఎదురు తిరిగే జోడీతో చేసే సాధనకు పెద్దపీట వేశాడు. గాలిలో ఎన్ని గుద్దులు గుద్దినా ఆ అనుభవం రాదు.

ఇప్పుడు మా ఇంట్లో వారానికి రెండు రోజులు సాధన. మొదట మెల్లగా పట్టుకుంటాను, తర్వాత గట్టిగా, ఆఖరుకు చెప్పకుండా. "నొప్పి" అనగానే వదిలెయ్యాలన్నది నియమం. అవతలివాడి పట్టులో బలహీనమైన చోటు బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య సందు. ఊరికే వెనక్కి గుంజితే రాదు. ఒక అడుగు ముందుకేసి, మోచెయ్యి వంచి, ఆ సందులోంచి లాగాలి. గట్టిగా అరవాలి. విడిపడగానే జనం ఉన్న వైపు పరుగెత్తాలి. ఇదంతా రోజూ వేసుకునే చుడీదార్‌తో, భుజాన బ్యాగుతోనే చెయ్యాలి.

కెనడాలో యూనివర్సిటీ అమ్మాయిలకు 12 గంటల శిక్షణ ఇచ్చి, ఫలితాలను 2015లో ప్రచురించారు. ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు శిక్షణ పొందినవారిలో నూటికి సుమారు 5 మంది, పొందనివారిలో సుమారు 10 మంది. అక్కడ నేర్పింది దెబ్బలు కొట్టడం ఒక్కటే కాదు. ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, తెలిసినవాడైనా సరే మొహమాటపడకుండా వద్దనడం కూడా.

"ఎదురు తిరిగితే కేసు మనమీదికే వస్తుందేమో" అని జంకనక్కర్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు ఉంది. అవసరమైనంత వరకే, ప్రమాదం ఉన్నంతసేపే. సాయానికి 112 ఉంది, మహిళలకు 181 ఉంది.

ఎంత నేర్చుకున్నా ఒక్కోసారి విడిపించుకోలేకపోవచ్చు. అప్పుడూ తప్పు పట్టుకున్నవాడిదే, పిల్లది కాదు. ఈ మాట కూడా సాధనలో భాగంగానే మన పిల్లలకు చెబుదాం. చీకటికి భయపడి చదువు మాత్రం మాన్పించొద్దు.