రాంట్‌జెన్ బీరువా: కలపలో దాగిన యంత్రం

బెర్లిన్‌లోని అలంకార కళల మ్యూజియంలో మూడున్నర మీటర్ల ఎత్తున్న బీరువా ఒకటుంది. తాళంచెవి తిప్పితే చాలు, తలుపులు వాటంతట అవే విచ్చుకుంటాయి, రాతబల్ల ముందుకొస్తుంది, సొరుగులు పక్కకు తిరిగి వెనకున్న రహస్యపు అరలను చూపిస్తాయి. 1779 ప్రాంతంలో తయారైన దీన్ని ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ విలియం సొంతం చేసుకున్నాడు. నా దృష్టిలో ఇది ముందు యంత్రం, ఆ తర్వాతే బీరువా.

ఈ పనికి పునాది వేసినవాడు 1711లో పుట్టిన అబ్రహాం రాంట్‌జెన్. లండన్‌లో పనిచేసి చెయ్యి తిరిగాక స్వదేశం చేరి, మొరేవియన్ సోదర సంఘంలో కలిశాడు. 1750లో రైన్ ఒడ్డున నాయ్‌వీట్‌లో కార్ఖానా పెట్టాడు. నిరాడంబరంగా బతకమనే సంఘం నీడలోనే యూరప్‌లోకెల్లా ఖరీదైన సామాను తయారైంది! గిరాకీ లేక అప్పుల్లో పడినప్పుడు కొడుకు డేవిడ్ 1769లో హాంబర్గ్‌లో లాటరీ పెట్టి సరుకు అమ్మి, కార్ఖానాను నిలబెట్టాడు.

డేవిడ్ చేసిన గొప్ప పని గడియారాల నిపుణుడు పీటర్ కిన్‌జింగ్‌తో చేతులు కలపడం. సొరుగును లోపలికి నెట్టినప్పుడు వెనక స్ప్రింగు నొక్కుకుపోతుంది, చిన్న గొళ్లెం దాన్ని పట్టి ఉంచుతుంది. మీట నొక్కితే గొళ్లెం తప్పుకుంటుంది, దాచిన శక్తి సొరుగును బయటికి తోస్తుంది. మళ్లీ మూసిన చెయ్యే తర్వాతిసారికి శక్తిని నింపి పెడుతుంది. చెప్పుకోవడానికి తేలికే. కానీ కలప వానాకాలం ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. అర మిల్లీమీటరు తేడా వస్తే సొరుగు బిగుసుకుపోతుంది. కదిలే కలపలో కదలని కొలతలు సాధించడమే వీళ్ల అసలు ప్రతిభ.

బీరువా మీదున్న బొమ్మల్లో రంగు పూత లేదు. రంగు పట్టించిన కలప ముక్కలను సన్నగా కోసి, నీడకో ముక్క, వెలుగుకో ముక్క చొప్పున పక్కపక్కనే అతికించారు. ముఖం మీది ముడత కూడా కలపే.

పదహారో లూయీ ఇలాంటి భారీ బీరువానే కొన్నాడు. రష్యా మహారాణి కేథరిన్ ఒక బల్లకు 20 వేల రూబుళ్లు అడిగితే 25 వేలు ఇచ్చింది. బల్లల కాళ్లు మరలతో ఊడదీసేలా చేయడం వల్లే అంత దూరపు ప్రయాణాలు సాధ్యమయ్యాయి.

1784లో డేవిడ్, కిన్‌జింగ్ ఇద్దరూ తంత్రీవాద్యం వాయించే బొమ్మను చేశారు. ఫ్రాన్స్ రాణి మేరీ ఆంట్వానెట్ దాన్ని కొని విజ్ఞాన అకాడమీకి ఇచ్చింది. అందులో సంగీతపు పెట్టె దాచలేదు. బొమ్మ చేతుల్లోని సుత్తులే నిజంగా తీగల మీద కొడతాయి.

ఫ్రెంచి విప్లవంతో కొనుగోలుదారులే లేకుండా పోయారు, కార్ఖానా మూతపడింది. డేవిడ్ 1807లో వీస్‌బాడెన్‌లో చనిపోయాడు. ఆ బొమ్మ ఇప్పుడు పారిస్‌లోని కళలు, వృత్తుల మ్యూజియంలో ఉంది.