తెరమీద తెలియని బొమ్మ: తుడిచే ముందు చూడవలసినవి

మన చేనేత సహకార సంఘాల ఆఫీసులలో కంప్యూటరు నేడు తక్కెడవలె, గజంబద్దవలె నిత్యం వాడే పనిముట్టు అయినది. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోకి వచ్చినది మొదలు బిల్లులు, రిటర్నులు, బ్యాంకు వ్యవహారాలు అన్నీ దానిగుండానే నడుస్తున్నవి. నూలు నిలువ, సభ్యుల వాటాధనం, మజూరీ ఖాతాలు దానిలోనే ఉన్నవి. కాబట్టి మనం పెట్టని ఐకాన్ ఒకటి ఒకనాటి ఉదయం దాని తెరమీద కనిపిస్తే కలవరం కలుగుట సహజమే. అట్టి సమయంలో ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో మా సంఘం అనుభవాన్ని బట్టి సోదర సంఘాలకు తెలియజేయదలచినాము.

2024లో దసరా మజూరీ పంపకానికి వారం దినాలున్నదనగా షోలాపురంలోని మా ఆఫీసు కంప్యూటరు తెర ఒక ఉదయం మారిపోయినది. వెనుక ఉన్న మగ్గం ఫోటో పోయి, దాని చోట ఏదో సముద్రతీరం వచ్చినది. దానిమీద ఒక మూల కెమెరా బొమ్మతో కొత్త ఐకాన్ ఉన్నది. దానికింద ఇంగ్లీషులో “లెర్న్ అబౌట్ దిస్ పిక్చర్” అని వ్రాసియున్నది. అనగా ‘ఈ చిత్రమును గురించి తెలుసుకొనుము’ అని అర్థం. మామూలుగా చెత్తబుట్టలో వేయబోతే అది పోలేదు.

“బాబూ, దీన్ని ఎవరు తెచ్చిపెట్టినారు?” అని మా డైరెక్టర్లలో పెద్దవారొకరు అడిగినారు. “ఎవరూ పెట్టలేదు పెద్దయ్యా, దానంతట అదే వచ్చింది,” అన్నాడు గుమాస్తా. అంతటితో ఆఫీసులో రెండు పక్షాలు ఏర్పడినవి. నొక్కి చూస్తే తెలుస్తుంది కదా అన్నది ఒక పక్షం. రెండవ పక్షం బజారులోని మెకానిక్కుకు ఫోను చేసినది. ఆయన చూడకుండానే, “వైరస్సు పట్టింది, మొత్తం ఫార్మాట్ చేయాలి” అన్నాడు. ఫార్మాట్ అనగా పెట్టెలోనిదంతా తుడిచివేసి మళ్లీ మొదలుపెట్టుట. ఆ మాట ప్రకారం నడచియుంటే, చివరి నకలు తీసిన తరువాత ఎక్కించిన మజూరీ లెక్కలన్నీ పండుగ వారంలోనే పోయేవి. మేము రెండు మాటలనూ పక్కకు పెట్టి, ముందు విచారణ చేయుటకు నిశ్చయించినాము.

ఐకాన్ అనగా చీటీ మాత్రమే

నూలు బండిలుమీద 60వ నంబరు అని చీటీ ఉన్నంత మాత్రాన మన నేతగాడు నమ్మడు. చిలప విప్పి, పోగు తీసి, చేతితో చూస్తాడు. ఐకాన్ కూడా అట్టి చీటీయే. దాని బొమ్మనూ, పేరునూ ఎవరైనా తమకు నచ్చినట్లు మార్చవచ్చును. అసలు సరుకు దాని వెనుక ఉంటుంది. ఐకాన్‌మీద ఎడమవైపు అడుగున చిన్న వంపు బాణం ఉంటే అది షార్ట్‌కట్టు. వేరొకచోట ఉన్న ప్రోగ్రామునో, ఫైలునో చూపే దారిగుర్తు అన్నమాట. బాణం లేనిది సాధారణంగా అక్కడే ఉన్న ఫైలు గాని, ఫోల్డరు గాని అయియుండును. రీసైకిల్ బిన్ వంటి కొన్ని మాత్రం విండోసే స్వయంగా తగిలించే గుర్తులు. అవి ఫైళ్లు కావు.

మూడు ప్రశ్నలు

తెలియని ఐకాన్‌ను గురించి ఇది ఎక్కడిది, ఎప్పటిది, ఎవరిది అని మూడు ప్రశ్నలు వేయవలెను. ముందుగా సెల్‌ఫోనుతో తెరకు ఫోటో తీయవలెను. పిదప ఐకాన్‌మీద ఒక్కసారి మాత్రమే నొక్కి, ఆల్ట్ మీటను పట్టుకొని ఎంటర్ నొక్కవలెను. రెండుసార్లు నొక్కితే అది తెరుచుకొనును గాన ఆ పని కూడదు. ఇప్పుడు ప్రాపర్టీస్ అనే పట్టిక వస్తుంది. షార్ట్‌కట్టు అయితే అందులో “టార్గెట్” అనే గడి ఉంటుంది. ఏ ప్రోగ్రాము ఏ ఫోల్డరులో ఉన్నదో ఆ గడి చెబుతుంది. ఇది మొదటి ప్రశ్నకు జవాబు. “జనరల్” అనే పుటలో “క్రియేటెడ్” అనుదానికి ఎదురుగా తేదీ, వేళ ఉంటవి. ఇది రెండవదానికి జవాబు. మూడవదానికి జవాబు కంప్యూటరులో దొరకదు. ఆ తేదీన ఆఫీసుకు ఎవరు వచ్చినారో మన రాకపోకల పుస్తకం చూడవలెను.

కెమెరా బొమ్మకు బాణం లేదు, టార్గెట్ లేదు. కారణమేమనగా అది విండోస్ 11లో “విండోస్ స్పాట్‌లైట్” అనే ఏర్పాటుకు చెందినది. ఆ ఏర్పాటు తెర వెనుక బొమ్మను తానే మార్చుతూ, ఆ బొమ్మ వివరం చెప్పుటకు ఈ ఐకాన్‌ను పెడుతుంది. తెరమీద ఖాళీచోట కుడి మీట నొక్కి, పర్సనలైజ్, పిదప బ్యాక్‌గ్రౌండ్ తెరచి, విండోస్ స్పాట్‌లైట్ అని ఉన్నచోట పిక్చర్ అని మార్చినాము. వెంటనే ఐకాన్ మాయమైనది. ఒక్క అక్షరం లెక్క పోలేదు.

భయపెట్టనిదే భయంకరము

విచారణ ఎటూ మొదలుపెట్టినాము గనుక తెరమీద ఉన్న మిగిలిన ఐకాన్లను కూడా వరుసగా చూచినాము. వాటిలో “సపోర్ట్” అని పేరున్నది ఒకటి ఉన్నది. అది అందరికీ అలవాటైన ముఖమే. ఎవరూ దానిని ప్రశ్నించలేదు. టార్గెట్ చూడగా, దూరాన ఉన్న మనిషి మన కంప్యూటరును తన చేతిలోనిదానివలె నడుపుటకు వీలిచ్చే ప్రోగ్రాము అని తేలినది. తేదీని రాకపోకల పుస్తకంతో సరిచూడగా, ప్రింటరు బాగుచేయుటకు మనిషి వచ్చిన రోజు అదే. పైగా ఇక్కడ ఎవరూ ఒప్పుకొననవసరం లేకుండానే లోపలికి వచ్చుటకు దానిలో ఒక రహస్యపదం పెట్టియున్నది.

దురుద్దేశంతో పెట్టినారని మేము అనము. మళ్లీ రావలసిన శ్రమ తప్పించుకొనుటకే పెట్టియుండవచ్చును. కాని తాళంచెవి పరులచేత ఉన్న కొట్టును భద్రమైన కొట్టు అనలేము. బ్యాంకు పుట తెరచియున్నపుడు, డిజిటల్ సంతకపు టోకెన్ కంప్యూటరుకు తగిలించియున్నపుడు అట్టి దారిలో వచ్చినవాడు సంఘం పేర ఏమైనా చేయగలడు. ఇట్టి ప్రోగ్రాముల ద్వారా జరిగే బ్యాంకు మోసాలను గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించినది.

ఇక్కడ ఒక సంగతి ముఖ్యం. షార్ట్‌కట్టును చెత్తబుట్టలో వేసినంత మాత్రాన ప్రోగ్రాము పోదు. చీటీ చింపితే బేలు కొట్టులోనే ఉంటుంది కదా! మేము ముందు ఇంటర్నెట్ తీగ తీసివేసినాము. పిదప సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్ అనే జాబితా తెరచి, ఆ ప్రోగ్రామును అన్‌ఇన్‌స్టాల్ చేసినాము. బ్యాంకు, జి.ఎస్.టి., ఈ-మెయిలు రహస్యపదాలను వేరొక కంప్యూటరునుండి మార్చినాము. బ్యాంకు ఖాతాను వరుసవారీగా సరిచూచినాము. ఏమీ పోలేదు. మజూరీ అనుకున్న దినానికే పంచినాము.

తరచు కనిపించే మరికొన్ని

మసకగా, గేరుచక్రం గుర్తుతో “డెస్క్‌టాప్.ఐ.ఎన్.ఐ.” అనే ఐకాన్లు ఒకటిగాని, రెండుగాని కనిపించవచ్చును. అవి విండోస్ తన అవసరానికి దాచుకొను ఫైళ్లు. దాచిన ఫైళ్లను చూపుమనే ఏర్పాటు ఎవరైనా మార్చినపుడు బయటపడతవి. ఆ ఏర్పాటును యథాప్రకారం చేస్తే చాలును.

తుడిచినపుడు అడ్మినిస్ట్రేటరు అనుమతి కావలెనని అడిగే ఐకాన్లు కొన్ని కలవు. ఒకే కంప్యూటరును పలువురు వాడుకొనేచోట అందరికీ ఉమ్మడిగా “పబ్లిక్ డెస్క్‌టాప్” అనే ఫోల్డరు ఉంటుంది. అందులో ఉన్నది అందరి తెరమీదా కనిపిస్తుంది. కొన్ని ప్రోగ్రాములు తమ మార్పులు చేసుకొన్నపుడల్లా అక్కడ షార్ట్‌కట్టును తిరిగి పెడతవి.

నిజంగా జాగ్రత్తపడవలసినది రెండు తోకల పేరు. పైకి పి.డి.ఎఫ్. బిల్లువలె కనిపించి, అసలు చివర “ఇ.ఎక్స్.ఇ.” ఉంటే అది కాగితం కాదు, ప్రోగ్రాము. విండోస్ మామూలుగా ఆ చివరి తోకను దాచుతుంది. 2000 మే నెలలో ప్రపంచమంతటా పాకిన “ఐ లవ్ యూ” అనే పురుగు ఉత్తరమువంటి పేరు పెట్టుకొని, అసలు తోక దాగియుండుట వలననే అంతమందిని మోసగించినది. ఫోల్డరు కిటికీలో వ్యూ అనే చోట “ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్” అనుదానికి టిక్కు పెడితే తోకలన్నీ కనిపిస్తవి. ఈ పని ప్రతి సంఘము నేడే చేయవలెను.

చూచినంత మాత్రాన ఏమగునని కొందరు అనవచ్చును. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే పురుగు విండోస్‌లోని ఒక లోపాన్ని వాడుకొన్నది. పెన్‌డ్రైవు తెరచి, దానిలోని షార్ట్‌కట్టు బొమ్మ తెరమీద కనిపించుటే దానికి చాలినది, నొక్కనక్కరలేదు. మైక్రోసాఫ్టు అదే ఏడు ఆగస్టులో ఆ లోపాన్ని పూడ్చినది. కాబట్టి విండోస్ అప్‌డేట్లు ఆపరాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఇంకను దానిమీదనే లెక్కలు నడుపుతున్న సంఘాలు ఈ విషయం పాలకవర్గం ముందు పెట్టవలెను.

సంఘాలకు మా సూచనలు

ఒకటి: తెరమీద ఏయే ఐకాన్లు ఉండవలెనో కాగితంమీద వ్రాసి గోడకు అంటించవలెను. జాబితాలో లేనిది వస్తే ఆ రోజే మూడు ప్రశ్నలు వేయవలెను.

రెండు: మెకానిక్కు వచ్చి వెళ్లిన వెంటనే, ఏమి ఎక్కించినాడో, ఏమి తీసినాడో పుస్తకంలో వ్రాయించి సంతకం తీసుకొనవలెను.

మూడు: సంతకపు టోకెన్‌ను పని కాగానే తీసి బీరువాలో పెట్టవలెను.

నాలుగు: వారానికొకసారి లెక్కలను వేరు డిస్కులోనికి నకలు తీసి, అది మరొక కంప్యూటరులో తెరుచుకొనుచున్నదో లేదో చూడవలెను. ఈ నకలు లేనిదే ఎవరు చెప్పినా ఫార్మాట్‌కు ఒప్పుకొనరాదు.

ఐదు: సొమ్ము పోయినదని తెలిసిన వెంటనే బ్యాంకుకును, 1930 నంబరుకును ఫోను చేయవలెను. ఎంత త్వరగా చేస్తే సొమ్ము నిలుపుటకు అంత అవకాశం.

భివండీ, బళ్లారి, బరంపురం మొదలైన చోట్ల ఉన్న మన సంఘాలలో చాలామంది గుమాస్తాలు మరాఠీ, కన్నడం, ఒరియా బడులలో చదువుకొన్నవారు. కంప్యూటరు హెచ్చరికలు మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులో వస్తున్నవి. అర్థం కానిదానికి ‘ఎస్’ అని నొక్కుటకంటె, ఫోటో తీసి తెలిసినవారిని అడుగుట మేలు. అడుగుటలో నామోషీ లేదు. మీ తెరమీద ఇట్టి తెలియని బొమ్మలు కనిపించినచో, వాటి పేరును, టార్గెట్‌ను, తేదీని వ్రాసి పత్రికకు పంపవలెనని సోదర కార్యదర్శులను కోరుతున్నాము. ఒక సంఘం తెలుసుకొన్నది అన్ని సంఘాలకు ఉపయోగపడవలెను.