డుంబు గీసిన బుజ్జాయి

పలకా బలపం పట్టాల్సిన వయసులో ఆ పిల్లాడు పట్టుకుంది... నాన్న చిటికెన వేలు!

ఆ నాన్న భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రి. ఏ ఊళ్లో సభ ఉన్నా కొడుకూ వెంటే. అలా తిరుగుతూ బడి ముఖం చూడకుండానే పెరిగాడు సుబ్బరాయశాస్త్రి. ఇవాళైతే చుట్టాలు ఊరుకుంటారా? 'పిల్లాడి బతుకు ఏం చేద్దామని' అంటూ గుమ్మంలోనే నిలదీస్తారు. ఆ పిల్లాడేమో బొమ్మలేసుకున్నాడు. బొమ్మల కింద సంతకం, ముద్దుపేరే... బుజ్జాయి.

1931లో పిఠాపురంలో పుట్టాడాయన. అప్పటికి తెలుగులో కార్టూన్ కొత్త. తలిశెట్టి రామారావు వేసినవి 'భారతి'లో వస్తున్న రోజులవి. ఒక్క బొమ్మ, ఒక్క నవ్వు. బుజ్జాయి పట్టుకున్నది వేరే దారి... గళ్లు గళ్లుగా నడిచే బొమ్మల కథ. ఇందులో తిప్పలెక్కువ. మొదటి గడిలో ఉన్న ముక్కే చివరి గడిలోనూ ఉండాలి. ఇక్కడ పైకి లేచిన కాలు పక్క గడిలో నేలమీద పడాలి. తేడా వస్తే పెద్దలు చూడకపోవచ్చు, పిల్లలు పట్టేస్తారు! అలా పుట్టిన అల్లరి పిల్లాడే డుంబు. వారపత్రిక రాగానే పిల్లలు వెతుక్కున్న బొమ్మ.

అమెరికాలో విన్సర్ మెకే ఇదే విద్యతో 1905లో 'న్యూయార్క్ హెరాల్డ్' ఆదివారం పేజీలో లిటిల్ నీమోను నడిపించాడు. 1914లో వేలకొద్దీ బొమ్మలు చేత్తో గీసి గెర్టీ అనే డైనోసార్‌ని తెరమీద కదిలించాడు. మన డుంబు పరుగులన్నీ కాగితం మీదే.

తర్వాత బుజ్జాయి ఇంగ్లిష్ పత్రికకూ గీశారు. బొంబాయి నుంచి వచ్చే 'ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా'లో 1963 నుంచి 1968 దాకా ఆయన పంచతంత్రం బొమ్మలు వచ్చాయి. అమర్ చిత్ర కథ మొదలైంది 1967లో. అంటే అంతకు నాలుగేళ్ల ముందే!

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ. సభల్ని ఊపేసిన కృష్ణశాస్త్రి గొంతు క్యాన్సర్‌తో మూగబోయింది. చెప్పాలనుకున్నదల్లా కాగితం మీద రాసి చూపించేవారు. అలాగే 1980 దాకా గడిపారు. పాటలు రాయడం మాత్రం మానలేదు.

వాళ్లిద్దరి కథనూ బుజ్జాయి తానే పుస్తకంగా రాశారు. పేరు 'నాన్న-నేను'. 2022 జనవరిలో చెన్నైలో కన్నుమూసే నాటికి ఆయన వయసు తొంభై.