రూల్ బుక్ కొంటున్నారా? ముందు చివరి పేజీలు తిప్పండి!

సికింద్రాబాద్: పద్మారావు నగర్‌లో ఓ ఇంట్లో నలుగురు ఫ్రెండ్స్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడుతున్నారనుకుందాం. కథలో హీరో గోడ మీద నుంచి కింద పడ్డాడు. దెబ్బ ఎంత? రూల్ ఎక్కడుంది? పేజీలు తిప్పుతూ కూర్చుంటే ఆట మూడ్ మొత్తం పోతుంది.

ఈ ఆటలో ఒకరు కథ నడిపిస్తారు. మిగతావాళ్లు పాత్రలవుతారు. ఫలితాన్ని పాచికలు తేలుస్తాయి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని తెచ్చారు. దీని రూల్ బుక్‌ను నవలలా చదివి పక్కన పెట్టలేం. ఆట మధ్యలో వెతుక్కోవాలి. అందుకే ఇండెక్స్ కీలకం.

2014 నాటి 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్' 320 పేజీలు. కింద పడితే ఏమవుతుందో 183వ పేజీలో ఉంది. కానీ ఇండెక్స్‌లో అక్షరాలు మరీ చిన్నవి. చాలా పదాల దగ్గర పేజీ నంబర్ బదులు 'ఫలానా పదం దగ్గర చూడండి' అని ఉంటుంది. దీనిపై ఆటగాళ్లు గట్టిగానే విమర్శించారు. 2024 ఎడిషన్‌లో రూల్స్‌ను అక్షర క్రమంలో వివరించే గ్లాసరీ ఇచ్చారు.

మరి పీడీఎఫ్‌లో సెర్చ్ చేస్తే చాలదా? 'అటాక్' అని కొడితే కుప్పలుగా రిజల్ట్స్ వస్తాయి. వాటిలో అసలు రూల్ ఏదో చూపించేది ఇండెక్సే.

ఇంకో విషయం. ఇండెక్స్ బాలేకపోతే రూల్స్ బట్టీ పట్టినవాళ్ల మాటే చెల్లుతుంది. కొత్తవాళ్లు అడగలేరు, సరిచూసుకోలేరు. మెల్లగా ఆటకు రావడమే మానేస్తారు.

కాబట్టి కొనేముందు మీకు తోచిన మూడు పదాలు ఇండెక్స్‌లో వెతకండి. నేరుగా పేజీ నంబర్ దొరికిందా? అయితే ఆ బుక్ మీ టేబుల్ మీద పనికొస్తుంది.