చైతన్యానుభవం భ్రమ కాగలదా? - ‘వీల్డ్ రెబెక్కా’ శిల్పం ఆధారంగా ఒక పరిశీలన

కీలక పదాలు: చైతన్యం, భ్రమవాదం, సోపాధిక భ్రమ, సాక్షి, వీల్డ్ రెబెక్కా

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు పాతబస్తీలో, మూసీనది దక్షిణపు గట్టున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో ‘వీల్డ్ రెబెక్కా’ అనే పాలరాతి శిల్పం ఉంది. ఇటలీ శిల్పి జియోవన్నీ మరియా బెంజోని మలచిన ఈ శిల్పాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్నారు. చూపరులకు పల్చని మేలిముసుగు, దాని వెనుక ముఖం కనిపిస్తాయి. నిజానికి అక్కడ ముసుగు లేదు. ఉన్నది రాయి మాత్రమే. మన చైతన్యానుభవం కూడా ఇటువంటిదేనా అన్న ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. భ్రమవాద స్వరూపం

కుంకుమ ఎరుపుకు, పంటినొప్పికి అనుభవించేవారికి మాత్రమే తెలిసే ఒక గుణం ఉందని మనం భావిస్తాం. మెదడులోని భౌతిక క్రియల వెంట ఈ అనుభవం ఎందుకు ఉంటుందన్న చిక్కును 1995లో డేవిడ్ చామర్స్ ‘కఠిన సమస్య’ అన్నారు. డేనియల్ డెనెట్ ఆలోచనలకు దగ్గరగా, కీత్ ఫ్రాంకిష్ 2016లో సమర్థించిన భ్రమవాదం ప్రకారం అటువంటి గుణమే లేదు. ఉన్నట్లు మెదడు తనకు తాను చిత్రించుకుంటుంది. కనుక వివరించవలసింది గుణాన్ని కాదు, అది ఉన్నదనిపించడాన్ని. నొప్పి లేదని ఈ వాదం అనదు. గాయం, తపన, ఉపశమనం కోసం వెదకడం అన్నీ నిజమే.

3. భ్రమ రెండు విధాలు

భ్రమ అని తెలిసినా అనుభవం తొలగిపోవడం లేదు కదా అన్నది సాధారణమైన ఆక్షేపణ. దీనికి అద్వైత పరిభాషలోనే సమాధానం ఉంది. తాడులో తోచిన పాము దీపం తేగానే పోతుంది. ఇది నిరుపాధిక భ్రమ. మందారపువ్వు పక్కనున్న స్ఫటికంలో ఎరుపు మాత్రం, స్ఫటికం తెల్లనిదని తెలిసినా, పువ్వును తొలగించేదాకా కనిపిస్తుంది. ఇది సోపాధిక భ్రమ. రెబెక్కా ముసుగు రెండవ కోవకు చెందినది. రాతిలోని ఎత్తుపల్లాలు, వెలుగునీడలు దానికి ఉపాధి. చైతన్యానుభవానికి మెదడు నిర్మాణమే ఉపాధి అయితే, తెలిసినంత మాత్రాన అది తొలగనక్కరలేదు.

4. చూపరి ఎవరు?

అసలు ఆక్షేపణ వేరు. ముసుగు లేకపోయినా, ముసుగు కనిపించడం ఉంది. ఆ కనిపించడమూ భ్రమే అయితే, అది ఎవరికి? అద్వైతులు ఇక్కడ సాక్షిని అంగీకరిస్తారు. ఉన్నదని మెదడు నిర్ణయించడమే ‘కనిపించడం’, వేరే చూపరి అక్కరలేదని భ్రమవాది బదులు చెప్పవచ్చు. అయితే శిల్పం గురించి తెలిసినవారు ముసుగు ఉందని నిర్ణయించరు. అయినా వారికి అది కనిపిస్తూనే ఉంటుంది. కనుక నిర్ణయమూ, కనిపించడమూ ఒకటి కావు. ఈ కనిపించడం తెలివికి లొంగని కిందిస్థాయి చిత్రణ అని భ్రమవాది సవరించుకోవచ్చు. అప్పుడు, చూపరి లేని చిత్రణ ‘కనిపించడం’ ఎలా అవుతుందో అతడే చెప్పవలసి ఉంటుంది.

5. ముగింపు

మొదటి ఆక్షేపణ నుంచి భ్రమవాదాన్ని కాపాడిన సోపాధికత్వమే రెండవ ఆక్షేపణకు బలాన్నిస్తున్నది. అంతమాత్రాన సాక్షి సిద్ధించినట్లు కాదు. భ్రమవాదం ఓడినట్లూ కాదు. అనుభవ స్వభావాన్ని గురించి మనం పొరబడవచ్చు. కాని పొరబాటును వివరించేటప్పుడు, కఠిన సమస్య తొలగిపోయిందా, కేవలం చోటు మారిందా అన్నది ఇరుపక్షాలవారూ తేల్చవలసిన అంశం.